ముందు గది కొలవాలి, తర్వాతే సామాను: చిన్న ఇళ్లకు స్కాండినేవియా లెక్క

నికాహ్ తేదీ ఖాయం కాగానే నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఆడపిల్ల ఇంట్లో ఒక జాబితా తయారవుతుంది. డబుల్ కాట్, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా సెట్, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, కూలర్. అప్పు చేసైనా సరే, ఒక్కటీ తగ్గకూడదు. ట్రాలీ ఆటోలో సామాను వెళ్తుంటే వీధంతా చూస్తుంది. తీరా అవతలి ఇంటికి చేరాక అసలు కథ మొదలవుతుంది. మంచం గుమ్మంలో పట్టదు. విప్పి లోపలికి తెచ్చి బిగించాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. హాల్లో సోఫా వేశాక దస్తర్‌ఖాన్ పరవడానికి చోటుండదు. డైనింగ్ టేబుల్ మీద కొన్నాళ్లకు ఇస్త్రీ బట్టలు, స్కూలు బ్యాగులు, మందుల డబ్బాలు చేరతాయి. అన్నం మాత్రం అందరూ కిందే కూర్చుని తింటారు.

జాబితా రాసేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే ఉంటుంది. ఆ గది పొడవెంత, వెడల్పెంత?

ఈ ప్రశ్నతోనే మొదలైన ఒక పద్ధతి ప్రపంచంలో ఉంది. దాన్నే ఇప్పుడు స్కాండినేవియన్ డిజైన్ అంటున్నారు. స్వీడన్ కంపెనీ ఐకియా మన దేశంలో తన మొదటి షోరూమును 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో తెరిచాక ఈ మాట తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. పిడుగురాళ్ల నుంచి నార్కట్‌పల్లి రోడ్డెక్కి హైదరాబాద్ వెళ్లిన వాళ్లు అక్కడి గదులు చూసి ఫొటోలు తీసుకొస్తున్నారు. తెల్ల గోడలు, లేత రంగు చెక్క, పెద్ద పెద్ద కిటికీలు, ఖాళీగా ప్రశాంతంగా కనిపించే గది. ఫొటో బాగుంటుంది. అయితే ఆ ఫొటోను ఉన్నదున్నట్టు తెచ్చి రెంటచింతల ఎండలో పెడితే ఎవరికీ సుఖం ఉండదు. తీసుకోవాల్సింది ఆ రూపం కాదు, దాని వెనకున్న లెక్క.

తెలుపు ఎందుకు వచ్చింది?

స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాలు భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన ఉన్నాయి. డిసెంబరులో స్టాక్‌హోమ్ నగరంలో పగటి వెలుతురు ఆరు గంటలే. ఇంకా పైకి పోతే కొన్ని వారాల పాటు సూర్యుడే కనిపించడు. దొరికిన ఆ కాస్త వెలుతురును ఇంట్లో నలుమూలలా పరచడానికి వాళ్లు గోడలకు తెల్లరంగు వేశారు, కిటికీలు పెద్దవి పెట్టారు, అక్కడ పెరిగే బర్చ్, పైన్ చెక్కను లేత రంగులోనే ఉంచారు. చలికి గదులు చిన్నవిగా కట్టుకున్నారు. అంటే ఆ అందం వాళ్ల వాతావరణం నుంచీ, వాళ్ల అడవుల నుంచీ పుట్టింది. ఎవరో కూర్చుని కనిపెట్టిన ఫ్యాషన్ కాదు.

దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఎలెన్ కేయ్ అనే స్వీడన్ రచయిత్రి 1899లో అచ్చయిన పుస్తకంలో, అందం ధనవంతుల సొత్తు కాదని, కూలి చేసుకునే వాళ్ల ఇంట్లోనూ ఉండాలని వాదించారు. పనికొచ్చే వస్తువును పనికి తగ్గట్టు చేస్తే అదే అందంగా ఉంటుందన్నది ఆమె ఆలోచన. ఆ తర్వాత డెన్మార్క్‌లో కోరె క్లింట్ అనే ఆయన వచ్చారు. 1924 నుంచి కోపెన్‌హేగెన్ రాయల్ అకాడమీలో ఫర్నిచర్ పాఠాలు చెప్పారు. ఆయన పద్ధతి ఇక్కడ తెలుసుకోదగ్గది. బీరువా గీయడానికి ముందు అందులో పెట్టే వస్తువులను కొలిచేవారు. మడత పెట్టిన చొక్కా ఎంత, పళ్లెం ఎంత, గ్లాసు ఎంత ఎత్తు. మనిషి కూర్చున్నప్పుడు మోకాలు ఎంత ఎత్తులో ఉంటుంది, చెయ్యి ఎంత దూరం అందుతుంది. ఈ కొలతలన్నీ వచ్చాకే కాగితం మీద గీత పడేది.

ఆయన శిష్యుడు బోర్గె మోగెన్సెన్ 1942లో డెన్మార్క్ వినియోగదారుల సహకార సంఘం ఎఫ్‌డీబీలో ఫర్నిచర్ విభాగం బాధ్యత తీసుకున్నారు. మామూలు కుటుంబాలు కొనగలిగే ధరలో, చిన్న ఫ్లాట్లలో పట్టే సామాను తయారుచేయడం ఆయన పని. 1947లో ఆయన గీసిన జె39 అనే కుర్చీ ఒట్టి చెక్క, అల్లిన సీటు, అంతే. దాన్ని జనం కుర్చీ అన్నారు. ఇప్పటికీ తయారవుతోంది. స్వీడన్‌లో 1944లో గృహ పరిశోధన సంస్థ ఒకటి పెట్టి, ఆడవాళ్లు వంటింట్లో ఎలా పనిచేస్తారు, ఎన్నిసార్లు వంగుతారు, ఎంత ఎత్తు గట్టు అయితే నడుం నొప్పి రాదు అని శాస్త్రీయంగా చూశారు. వంటింటి కొలతలకు ఒక ప్రమాణం అంటూ వచ్చింది అలాంటి పని వల్లే. ఇంటి పనిని ఒక దేశం అంత పట్టించుకుందంటే మెచ్చుకోవాల్సిందే.

ఐకియా కథ కూడా కొలతల కథే. ఇంగ్వార్ కాంప్రాడ్ 1943లో పదిహేడేళ్ల వయసులో ఆ కంపెనీ మొదలుపెట్టారు. 1950ల మధ్యలో ఒక ఉద్యోగి, టేబుల్ కారులో పట్టడం లేదని దాని కాళ్లు విప్పేశాడు. కాళ్లు విడిగా, పలక విడిగా పెట్టెలో పెట్టి అమ్మే పద్ధతి అక్కడ నుంచే ఊపందుకుంది. ఐకియాలో అమ్మేదంతా గట్టి చెక్క అనుకోవడం మాత్రం పొరపాటు. చౌక రకాల్లో చాలావరకు పొడిచెక్కను అదిమి చేసిన పలకలే ఉంటాయి. నీళ్లు తగిలితే అవి ఉబ్బుతాయి. రోజూ నీళ్లు పోసి కడిగే మన ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పది అడుగుల గదిలో లెక్క

క్లింట్ పద్ధతిని పల్నాడు గదికి వర్తింపజేస్తే ఏమవుతుందో చూద్దాం. టిడ్కో ఇళ్లు మూడు సైజుల్లో వచ్చాయి: 300, 365, 430 చదరపు అడుగులు. 2020 డిసెంబరు నుంచి పంచిన ప్రభుత్వ స్థలాలు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల పైన కాస్త. అద్దె ఇళ్ల సంగతీ అంతే. అలాంటి ఇంట్లో పడకగది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉందనుకుందాం. మొత్తం 100 చదరపు అడుగులు.

క్వీన్ సైజు పరుపు ఆరున్నర అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. చట్రంతో కలిపి ఇంకో రెండు మూడు అంగుళాలు. ఇది ఒక్కటే దాదాపు 35 చదరపు అడుగులు తినేస్తుంది. ఇనప బీరువా మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర పైచిలుకు లోతు. దాని తలుపు తెరుచుకోవడానికి ముందు ఇంకో అడుగున్నర వదలాలి. గది తలుపు తిరగడానికి ఆరు చదరపు అడుగులు. డ్రెస్సింగ్ టేబుల్, దాని స్టూలు వేరే. షోరూములో చూపించినట్టు మంచాన్ని గది మధ్యలో వేస్తే రెండు పక్కలా రెండున్నర అడుగుల సందు మిగులుతుంది. జానిమాజ్ వెడల్పు రెండుంపావు అడుగులు. పరవడానికి పడుతుంది. సజ్దా చేసేటప్పుడు మోచెయ్యి ఒకవైపు మంచానికి, ఇంకోవైపు గోడకు తగులుతుంది. అదీ ఆ సందు ఖిబ్లా వైపు ఉంటేనే. లేకపోతే ఇంట్లో నమాజు చేసుకునే ఆడవాళ్లకు వంటింటి గుమ్మమే గతి.

ఇప్పుడు అదే మంచాన్ని తూర్పు గోడకు ఆనించి, పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా వేస్తే పడమటి గోడ వెంట దాదాపు అయిదు అడుగుల లోతు, పది అడుగుల పొడవు చోటు ఒక్కచోట మిగులుతుంది. మన ప్రాంతం నుంచి ఖిబ్లా పడమరకే, కొద్దిగా ఉత్తరం వైపు వాలి ఉంటుంది. ఆ చోట్లో జానిమాజ్‌లు పక్కపక్కన వేస్తే ముగ్గురు సులువుగా, గది తలుపు అడ్డం రాకపోతే నలుగురు ఒకే సఫ్‌లో నిలబడొచ్చు. పడుకున్నప్పుడు కాళ్లు ఖిబ్లా వైపు పోవు, పెద్దవాళ్లకు ఆ ఇబ్బందీ లేదు. మంచం కాళ్ల దగ్గర మిగిలే మూడున్నర అడుగుల జాగాలో బీరువా నిలబడుతుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. బీరువా అద్దం నమాజు చేసే వాళ్ల ఎదురుగా రాదు. రాత్రి అదే చోట్లో పిల్లలకు పక్క వేయొచ్చు. పగలు కుట్టుమిషన్ పెట్టుకోవచ్చు.

డ్రెస్సింగ్ టేబుల్ ఏమైందని అడగొచ్చు. బీరువా తలుపుకు అద్దం ఉండగా రెండో అద్దం ఎందుకు? ఒక చిన్న గోడ అర, నాలుగు కొక్కేలు చాలు. ఇలాంటి జంట వస్తువులు ఇంట్లో ఇంకా ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇదంతా కొనక ముందే తెలుసుకునే మార్గం ఉంది. ఒక టేపు, ఒక సుద్దముక్క చాలు. కొనాలనుకున్న వస్తువు కొలత షాపులో రాసుకుని, గది నేల మీద అంతే సైజులో గీయాలి. తలుపులు తెరుచుకునే జాగా కూడా గీయాలి. రెండు రోజులు ఆ గీతలు తొక్కకుండా ఇంట్లో తిరగాలి. గీత తొక్కకుండా నడవలేని చోట ఆ వస్తువు పట్టదు. అమ్మేవాడు ఏం చెప్పినా సరే.

ఇంట్లో ఉన్నదే, పేరు వేరు

చిన్న గదిలో ఒకే చోటు రెండు మూడు పనులు చేయాలన్నది స్కాండినేవియన్ పద్ధతిలో ముఖ్యమైన మాట. ఫిన్లాండ్‌కు చెందిన ఆల్వార్ ఆల్టో 1933లో చేసిన మూడు కాళ్ల స్టూలు ప్రపంచ ప్రసిద్ధి. ఒకదాని మీద ఒకటి పేర్చేయొచ్చు, కూర్చోవచ్చు, పక్కన చిన్న బల్లలా వాడొచ్చు. మంచిదే. కానీ ఈ విద్య మన దాదీలకు, నానీలకు తెలియనిది కాదు.

దస్తర్‌ఖాన్ సంగతే తీసుకుంటే, నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్‌కు కుర్చీలు వెనక్కి లాగే చోటుతో కలిపి నలభై చదరపు అడుగుల దాకా కావాలి. రోజులో ఒకటి రెండు గంటలు వాడే వస్తువుకు ఇరవై నాలుగు గంటలూ అంత జాగా. దస్తర్‌ఖాన్ తిన్నంతసేపే చోటు తీసుకుంటుంది, తర్వాత మడిచి అరలో పెడితే అంతే. రంజాన్‌లో ఇఫ్తార్‌కు పదిమంది వచ్చినా ఇంకో దుప్పటి పరిస్తే సరిపోతుంది. నలుగురి టేబుల్ దగ్గర పదకొండో మనిషి ఎక్కడ కూర్చుంటాడు? మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మాత్రం కింద కూర్చోవడం శిక్ష. వాళ్ల కోసం ఒక గట్టి స్టూలు, ఎత్తు తగ్గ చిన్న మడత బల్ల ఉంచుకోవాలి. ఆ స్టూలే కుర్చీ నమాజుకూ పనికొస్తుంది.

నులక మంచం, నవారు మంచం అయితే ఇంకా గొప్పవి. వేసవిలో కింద నుంచి గాలి ఆడుతుంది. పొద్దున్నే లేపి గోడకు నిలబెడితే గది ఖాళీ. అల్లిక వదులైతే బిగిస్తారు, తెగితే మళ్లీ అల్లిస్తారు, చట్రం మాత్రం రెండు తరాలు వస్తుంది. మన్నిక, మరమ్మతు, పర్యావరణం అని ఇప్పుడు పెద్ద పెద్ద మాటల్లో చెబుతున్నది ఇదే. పాత చీరలు, దుప్పట్లతో కుట్టే బొంతకు స్వీడన్‌లో ఒక తోబుట్టువు ఉంది. అక్కడి పల్లెల్లో చిరిగిన బట్టలను పేలికలుగా చింపి మగ్గం మీద నేసి నేల మీద పరుచుకునే చాపలు చేసేవాళ్లు. ఇవాళ షోరూముల్లో అవి ఫ్యాషన్. ఇక్కడ బొంత అంటే మాత్రం అతిథులొచ్చినప్పుడు దాచేస్తాం.

సోఫా బదులు దివాన్ అనే ఆలోచన చిన్న హాలుకు బాగా కుదురుతుంది. ఆరు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, కింద కాళ్లు. పగలు ముగ్గురు కూర్చుంటారు, రాత్రి ఒకరు పడుకుంటారు, కింద రెండు ట్రంకు పెట్టెలు జరుపుకోవచ్చు. పాత రోజుల్లో తఖ్త్ చేసిన పని ఇదే. కింద డబ్బాలాగా మూసేసిన బాక్స్ కాట్లు మాత్రం పల్నాడులో ఆలోచించి కొనాలి. సామాను పడుతుంది నిజమే. కానీ నేలను ఆనుకుని ఉండేసరికి ఊడవడం కుదరదు, తడి చేరుతుంది, చెదలు పట్టినా పైకి కనిపించదు. కాళ్లున్న మంచం కింద చీపురు పోతుంది. స్కాండినేవియన్ కుర్చీలకూ బల్లలకూ సన్నటి కాళ్లు ఉంటాయి గమనిస్తే, కింద నేల కనిపిస్తే గది పెద్దదిగా అనిపిస్తుంది.

ఎండకు వేరే లెక్క

ఇక వాళ్ల దారి, మన దారి విడిపోయే చోటు ఇదే. వాళ్లకు వెలుతురు కరువు. ఇక్కడ ఎండ ఎక్కువ. వేసవిలో వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు తరచూ వినబడుతుంది, పల్నాడులో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇలాంటి చోట పడమటి గోడకు నిలువెత్తు అద్దాల కిటికీ పెట్టించుకుంటే మధ్యాహ్నం తర్వాత ఆ గదిలో అస్ర్ నమాజు కూడా కష్టమే. పడమర వైపు కిటికీ చిన్నదిగా, పైన సజ్జాతో ఉండాలి. ఉత్తరం, తూర్పు వైపుల పెద్దవి పెట్టుకోవచ్చు. పడమటి గోడకు బయట ఒక పందిరో, తీగో, కనీసం వట్టివేళ్ల తడికో ఉంటే ఖిబ్లా గోడ సెగ కొంత తగ్గుతుంది.

తెలుపు అవసరమే, కానీ అన్నిటికంటే ముందు ఇంటి పైకప్పుకు. ఎండను తిప్పికొట్టేది అక్కడే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పల్నాడుకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. పిడుగురాళ్ల సున్నానికి పెట్టింది పేరు. ఖరీదైన కూల్ రూఫ్ రంగు కొనలేని ఇంటికి, కాస్త జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు స్లాబు మీద వేస్తే గదిలో తేడా తెలుస్తుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఎండలు ముదిరాక కాదు, ఫిబ్రవరి నెలాఖర్లోనే.

నేలకు కూడా దూరం వెళ్లక్కర్లేదు. మాచర్ల, గురజాల, దాచేపల్లి చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది దాని కోసమే. పలకలుగా విడిపోయే ఆ నాపరాయితోనే పాత ఇళ్లకు నేల, అరుగు, కొన్నిచోట్ల గోడ, కప్పు కూడా వేశారు. వేసవిలో దాని మీద కాలు పెడితే చల్లగా ఉంటుంది, దశాబ్దాలు అరగదు. అలాంటి నాపరాయి నేల తీసేసి, దాని మీద తెల్లగా మెరిసే టైల్స్ వేయించుకుంటున్నారు. అసలైన స్కాండినేవియన్ ఇంట్లో వాళ్ల చెక్క వాళ్ల ఊరిది. ఇక్కడ ఆ స్థానం నాపరాయిది. వంటింట్లో గోడకు బిగించే అరలకూ ఆ పలకలే మేలు. చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు. చెక్కలో అయితే వేప, తుమ్మ ఇక్కడివే. టేకు కొనలేకపోయినంత మాత్రాన ఇంటి పరువు పోదు. బాగా ఆరిన వేప చెక్కకు పురుగు తొందరగా పట్టదు.

తెల్ల సోఫా గురించి ఒక మాట. పల్నాడు దుమ్ము, పిల్లల చేతుల్లో సాలన్ రొట్టె. ఇంతకంటే చెప్పక్కర్లేదు. గోడలు లేత రంగులో ఉంచి, కూర్చునే చోట ఉతకగలిగే ముదురు రంగు నూలు గలీబులు వేసుకోవడమే తెలివి.

తెర, వంటిల్లు, దీపం

ఫొటోల్లో కనిపించే స్కాండినేవియన్ ఇళ్లలో వంటిల్లు, హాలు ఒకటే. మధ్యలో గోడ ఉండదు. ఇది మన ఇళ్లకు రెండు కారణాల వల్ల అంత కుదరదు. ఒకటి తాలింపు ఘాటు. రెండోది పర్దా. బయటి మగవాళ్లు హాల్లో కూర్చుంటే వంటింట్లో ఉన్న ఆడవాళ్లు బాత్‌రూముకు వెళ్లడానికి కూడా దారి ఉండాలి కదా. చిన్న ఇంట్లో ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బందే, బయటికి ఎవరూ చెప్పుకోరు అంతే. గోడ కడితే ఉన్న చోటు పోతుంది, గాలి ఆగిపోతుంది. పైకప్పు దగ్గర పైపు బిగించి నేల దాకా దిగే మందపాటి నూలు తెర వేస్తే అవసరమైనప్పుడు లాగొచ్చు, లేనప్పుడు పక్కకు తోసేయొచ్చు. వీధి వైపు కిటికీకి కింది సగం సిమెంటు జాలీ పెట్టిస్తే గాలి వస్తుంది, లోపలి మనుషులు బయటికి కనిపించరు. రోజంతా కిటికీ తలుపులు మూసుకుని ఉక్కపోతలో కూర్చోవాల్సిన పని తప్పుతుంది.

వంటింటి గట్టు ఎత్తు విషయంలో స్వీడన్ వాళ్ల కొలతను గుడ్డిగా తీసుకోకూడదు. అది అక్కడి ఆడవాళ్ల ఎత్తుకు సరిపోయేది. అక్కడి పద్ధతి తీసుకోవాలి. వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచెయ్యి మడిచి, దానికి నాలుగైదు అంగుళాల కిందకు గట్టు వచ్చేలా చూడాలి. గట్టు కట్టే మేస్త్రీ ఇంట్లో ఎవరు వండుతారో అడగడు. అడగకపోయినా చెప్పాలి.

పాత ఇళ్ల మందపాటి గోడల్లో గూళ్లు ఉండేవి. ఉర్దూలో తాఖ్ అంటాం. జుజ్దాన్‌లో చుట్టిన ఖురాన్ అక్కడే ఉండేది, దీపం అక్కడే, ఇంటి కాగితాలు అక్కడే. నేల మీద ఒక్క అంగుళం వాడకుండా ఎంత సామాను పట్టేదో. ఇప్పటి నాలుగున్నర అంగుళాల గోడలో గూడు తీయడం కుదరదు. దాని బదులు గుమ్మం ఎత్తున, అంటే ఏడు అడుగుల దగ్గర, గది చుట్టూ అడుగు వెడల్పున అర వేయిస్తే బొంతలు, పెద్ద దేగ్చీలు, రంజాన్ సామాను పైకి వెళ్లిపోతాయి. ఖురాన్‌కు, రిహల్‌కు చెయ్యి అందే ఎత్తులో శుభ్రమైన చోటు వేరే ఉంచాలి. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వని యజమాని ఉంటే నేల మీద నిలబడే ఇనప ర్యాకే దిక్కు. దాన్ని కనీసం ఇల్లు మారినప్పుడు తీసుకెళ్లొచ్చు.

దీపాల గురించి డెన్మార్క్ నుంచి నేర్చుకునేది ఉంది. పోల్ హెన్నింగ్‌సెన్ 1920లలో బల్బు కంటికి నేరుగా కనిపించకుండా, వెలుగు మాత్రం కావాల్సిన చోట పడేలా దీపాలు చేశారు. మన ఇళ్లలో గది మధ్యలో ఒక తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు ఉంటుంది. వేస్తే అందరికీ వేయాలి, ఆర్పితే అందరికీ ఆర్పాలి. పదో తరగతి పిల్ల చదువుకోవాలంటే పక్కనే పడుకున్న దాదీకి నిద్ర ఉండదు. దాదీ పడుకోవాలంటే పిల్ల చదువు ఆగుతుంది. ఒక చిన్న టేబుల్ ల్యాంపు ఈ గొడవ తీరుస్తుంది. సహరీకి లేచిన వాళ్లు చంటిపిల్లలను లేపకుండా వంట చేసుకోవడానికి వంటింటి గట్టు మీద ఒక పసుపు వెలుగు బల్బు చాలు. డ్రెస్సింగ్ టేబుల్ ఖర్చులో ఇలాంటివి చాలానే వస్తాయి.

జాబితాలో ఏం రాయాలి?

మళ్లీ మొదటి విషయానికి వస్తే, కొత్త ఇంటిని అమర్చడం వరుడి బాధ్యత అని, జహేజ్ అడగడం తగదని ఉలమా ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఇస్రాఫ్ గురించి జుమా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం. అయినా సామాను వెళ్తూనే ఉంది. కూతురు చులకన కాకూడదన్న భయం తల్లిదండ్రులది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఇరుకు గదిలో బీరువా తలుపు తెరుచుకోక రోజూ ఇబ్బంది పడేది ఆ కూతురే. పట్టని సోఫాను ఏడాదికే సగం ధరకు అమ్ముకునేదీ ఆ ఇల్లే. అప్పు మాత్రం పుట్టింటి మీద ఉంటుంది.

కనీసం ఒక మెట్టు దిగడానికి ఈ కొలతల పద్ధతి పనికొస్తుంది. జహేజ్ వద్దు అనడానికి ధైర్యం చాలని చోట కూడా, గది కొలత పంపండి అని అడగడానికి ఎవరూ నొచ్చుకోరు. మంగ్నీ మాటలప్పుడు అబ్బాయి అమ్మీనో ఆపానో ఒక కాగితం మీద గది బొమ్మ గీసి, పొడవు వెడల్పులు, తలుపు ఎటు తిరుగుతుందో, కిటికీ ఎక్కడుందో రాసి పంపితే చాలు. వాట్సాప్‌లో ఒక ఫొటో. అందులో పట్టనిది జాబితాలో నుంచి దానంతట అదే పోతుంది. అప్పుడు ఎవరి పరువూ పోదు, గదిని అంటే సరిపోతుంది.

మిగిలినవి ఊళ్లోని వడ్రంగి చేత చేయించుకుంటే ఇంకా మంచిది. షోరూము వస్తువు షోరూము కొలతకు ఉంటుంది, వడ్రంగి చేసేది గదికి తగ్గట్టు ఉంటుంది, పాడైతే బాగుచేసేదీ ఆయనే. అయితే నోటిమాటగా చెబితే ఆయన అలవాటైన సైజులోనే చేస్తాడు. కాగితం మీద రాసి ఇవ్వాలి. దివాన్ అయితే పొడవు, వెడల్పు, కూర్చునే ఎత్తు. ఇంట్లో పెద్దావిడ పాదాలు నేలకు ఆనేలా ఆమె మోకాలి ఎత్తు కొలిచి రాయాలి. కింద ట్రంకు పెట్టె ఎత్తు కొలిచి, కాళ్లు దానికంటే రెండు అంగుళాలు పైకి ఉండాలని రాయాలి. ఈ రెండు కొలతలూ ఒకచోట కుదరకపోతే మోకాలి కొలతనే ఉంచి, ఎత్తు తక్కువ పెట్టె చూసుకోవాలి. చెక్క వేప కావాలో, తుమ్మ కావాలో, మేకులు కాకుండా మరలు వేయాలని, గుమ్మంలో పట్టేలా రెండు ముక్కలుగా విప్పడానికి వీలుండాలని రాయాలి. చివర్లో ఇంటి గుమ్మం వెడల్పు ఎంతో అదీ రాయాలి. అది మర్చిపోయినందుకే ఎన్నో మంచాలు వరండాలో ఆగిపోయాయి.